అలిగిన బతుకమ్మ నాడు

ఈరమ్మ కాలి సంగతి ముందు చెప్పుకోవాలి. అది తెలియకుండా మిగతాది చెబితే, నర్సక్క మొహం చూడబోమని సగం బస్తీ ఎందుకు ఒట్టు పెట్టుకుందో మీకు అర్థం కాదు.

లాల్‌పేట్ అని మరాఠీ గడ్డ మీద ఒక తెలుగు బస్తీ, అది దాటాక పట్టాల పక్కన ఒక బొగ్గు సైడింగు ఉండేది. గనిలోంచి లారీల్లో వచ్చిన బొగ్గును అక్కడ కుప్పపోసి, వ్యాగన్లకెత్తి పంపేవాళ్లు. ఎత్తే ముందు అందులో రాళ్లు ఏరాలి. ఏరేది ఆడవాళ్లు. వెనకటికి వాళ్లూ కంపెనీ మనుషులే. దేశం తలుపులు బార్లా తెరుస్తున్నామని ఢిల్లీలో పెద్దలు చెబుతున్న ఆ రోజుల్లో కంపెనీ ఈ పనిని ఒక ఠేకేదారుకు గుత్తకు అప్పజెప్పింది. బొగ్గు అదే, రాళ్లు అవే, నడుం నొప్పీ అదే. కూలి మాత్రం సగమైంది. గేటుకు ఎదురుగా రోడ్డవతలే ఉన్న కంపెనీ దవాఖానలో వాళ్లకు చోటు లేకుండా పోయింది. జ్వరమొచ్చి పోయినా, చెయ్యి విరిగి పోయినా, మీరు ఠేకేదారు మనుషులమ్మా, ఆయన్నే అడగండి అనేవాళ్లు. ఠేకేదారు దగ్గర దవాఖాన ఎక్కడిది? ఆయన దగ్గర ఒక జీపు, లెక్కలు రాసే ఒక మున్షీ, బోలెడంత ఓపిక ఉండేవి.

నర్సక్క సంగతి కొంచెం వేరు. ఆమె మొగుడు పోశం గనిలో పర్మనెంటు. అందుకని వాళ్లకు కంపెనీ క్వార్టరుంది, ఆమెకు దవాఖాన కార్డు ఉంది. అయినా తట్ట పట్టుకుని రాళ్లేరడానికి పోయేది. పిల్లల చదువుల కోసమని పదిమందికీ చెప్పేది గానీ, అసలు కారణం ఈరమ్మ. పెళ్లై చెన్నూరు వైపు నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో పోశానికి పని లేదు, నర్సక్కకు భాష రాదు. మార్కెట్లో మరాఠీలో బేరమాడడం నేర్పింది ఈరమ్మ. తొలి కాన్పుకు తల్లి రాలేకపోతే నీళ్లుపోసి, పొగవేసి, పిల్లకు కాళ్ల మీద స్నానం చేయించింది ఈరమ్మ. కట్టుకున్నవాడు పోయి, పిల్లలు లేక ఒక్కతీ ఉన్న ఆ మనిషిని కుప్ప మీద వదిలేసి, తాను కూలరు కింద కూర్చుని కేబుల్ టీవీ చూడడం నర్సక్కకు చేతకాలేదు. వదినె అంటే వదినె అని పిలుచుకుంటూ, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాళ్లేరుతూ బస్తీలో ప్రతి ఇంటినీ ఉతికి ఆరేసేవాళ్లు. అదొక సుఖం.

వినాయకుణ్ణి నీళ్లలో కలిపిన మర్నాడు, లారీ వెనక తలుపు ఊడి ఈరమ్మ పాదం మీద పడింది. నలుగురు మోసుకుని రోడ్డు దాటారు. దవాఖాన మెట్ల మీద కాంపౌండరు కార్డడిగాడు. నర్సక్క తన కార్డు తీసి చూపించింది. దీని మీద ఫోటో నీది కదమ్మా అన్నాడాయన. తన ఫోటోనే కాబట్టి ఆమె కార్డు మళ్లీ కొంగున ముడేసుకుంది. ఊళ్లో సర్కారు దవాఖాన డాక్టరు మంచివాడు. కట్టు కట్టి, లోపల ఎముకలు నుజ్జయ్యాయి, ఆపరేషను కావాలి, నాగపూర్ తీసుకుపొండి అని చీటీ రాసిచ్చాడు. పోశం సెలవు పెడతానన్నాడు. ఈరమ్మే కదల్లేదు. నాగపూర్ దారిలో వరోరా దాటి అవతల ఏముందో ఆమె ఎరగదు. పైగా మొండిది.

"ముప్పై ఏండ్లు గీళ్ల బొగ్గుల రాళ్లేరిన. ఎముకల డాక్టరు రోడ్డవతల కూసున్నడు. నేను నాగపూర్ ఎందుకు పోవాలె?" అంది.

మాట సూటిగా ఉంది. సూటిగా ఉన్న మాటకు ఒక చిక్కుంది, విన్నాక ఊరుకోవడం కష్టం. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అని ఆడవాళ్లు తట్టలు బోర్లించి గేటు ముందు కూర్చున్నారు. అడిగింది ఒక్కటే. రాళ్లేరే ప్రతి మనిషినీ ఆ దవాఖానలో చూడాలి, ఈరమ్మతో మొదలుపెట్టాలి. ఈరమ్మను కూరగాయల తోపుడు బండి మీద పరుపేసి పడుకోబెట్టి, తెచ్చి మధ్యలో నిలిపారు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనని ఆమే పట్టుబట్టింది.

పర్మనెంటు వాళ్ల యూనియను నాయకుడు అనంతరావు టెంటు వేయించాడు, బియ్యం పంపాడు, మైకు తెచ్చి తానే మాట్లాడాడు. ఆయన మంచితనానికి వంక పెట్టలేం. పుట్టింది తెలుగింట్లో, చదివింది మరాఠీ బడిలో. తెలుగులో మొదలుపెట్టిన ఉపన్యాసం కోపమొచ్చేసరికి మరాఠీలోకి జారిపోయేది. పెట్టుబడి గురించి ఆయనకు తెలియంది లేదు. చిన్నప్పుడే తల్లి పోవడం వల్ల ఆడవాళ్ల పండుగల గురించి తెలిసింది మాత్రం తక్కువ. అయితే ఆయన యూనియనుకు అప్పుడే కొత్త జీతాల ఒప్పందం సంతకాల దాకా వచ్చింది. అందుకని పర్మనెంటు వాళ్లు పని ఆపరు. మద్దతు ఇస్తారు, మైకు ఇస్తారు, పని మాత్రం ఆపరు. కడుపులో చల్ల కదలకుండా చేసే సాయం అన్నమాట.

మొదటి వారం నవ్వులపాలే అయింది. పొద్దు వాలేసరికి లారీలు వచ్చేవి. పోలీసులు ఆడవాళ్లను రెక్క పట్టుకుని పక్కకు జరిపేవాళ్లు. లారీలు వెళ్లిపోయేవి. వీళ్లు మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లు. ఎక్కడినుంచో తెచ్చిన కొత్త కూలీలు లోపల రాళ్లేరుతుంటే గోడ మీంచి కనిపించేది. క్వార్టర్ల ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూసి, అయ్యో పాపం అనుకుని, పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి పోయేవాళ్లు.

అంతలో అమావాస్య వచ్చింది, బతుకమ్మ మొదలైంది.

లాల్‌పేట్ తెలుగు ఆడవాళ్లు బతుకమ్మలను వాగుకు తీసుకుపోయే దారి ఆ గేటు ముందునుంచే. మొదటి రోజు సాయంత్రం నర్సక్క తాంబాళం నెత్తిన పెట్టుకుని గుంపులో పోతూ, టెంటు దగ్గర ఆగింది. ఈరమ్మ ఈసారి వాగుదాకా రాలేదు. బండి మీంచి మెడ సాచి చూస్తోంది. ఆ చూపు చూశాక నర్సక్కకు కాలు ముందుకు పడలేదు. ఈమె ముందర రెండు చుట్లు ఆడి పోదామని బతుకమ్మను దించి రోడ్డు మీదే పెట్టింది. ఒకరు దించాక వెనకున్నవాళ్లు ఆగుతారా? క్వార్టర్లవాళ్లూ, గుడిసెలవాళ్లూ అందరూ దించారు. తంగేడు, గునుగు, బంతి, పైన పసుపు గౌరమ్మలు. చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి.

లారీలు వచ్చి నిలబడిపోయాయి. ముందున్న డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. పోలీసుల పెద్ద, మరాఠీ ఫౌజుదారు పరుగున వచ్చాడు. రోడ్డు మధ్యలో పసుపుముద్దలు చూశాడు, చుట్టూ పట్టుచీరలు చూశాడు, ఇంజను ఆపమని డ్రైవరుకు సైగ చేశాడు. వారమంతా రెక్కలు పట్టుకుని లాగిన మనిషి ఆయన. పొద్దు గుంకి ఆడవాళ్లు వాగుకు కదిలేదాకా చేతులు కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు.

మర్నాడు ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. అందరూ తిన్నగా గేటు దగ్గరికే వచ్చారు. నలుగురితో నారాయణా అన్నారు, ఆ నలుగురూ రోజురోజుకూ నలభై, నాలుగొందలు అయ్యారు. మరాఠీ ఆడవాళ్లు చూడటానికి వచ్చి చప్పట్లలో కలిశారు. ఛత్తీస్‌గఢీ కూలీ ఆడవాళ్లు పాట రాకపోయినా ఉయ్యాలో దగ్గర గట్టిగా అందుకునేవాళ్లు. నర్సక్క పక్కింటి తిరుమల, ఎన్నడూ సైడింగు వైపు తల తిప్పని మనిషి, ఆ చుట్టులో, రాళ్లేరి గోళ్ల నిండా బొగ్గు పట్టిన దుర్గమ్మ పక్కన వంగి లేచి ఆడింది. మూడో రోజున దుర్గమ్మ అప్పటికప్పుడు పాట కట్టింది.

"రోడ్డుకిటు కాలుంది ఉయ్యాలో
రోడ్డుకటు కట్టుంది ఉయ్యాలో
నడిమిట్ల ఏముంది ఉయ్యాలో
అడిగొచ్చి చెప్పుండ్రి ఉయ్యాలో"

ఈరమ్మ బండి మీద పడుకుని కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వుతుంటే నర్సక్కకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఇంతమంది తమకోసం ఒక్కచోట చేరడం ఆమె చూడలేదు. గెలుస్తామని ఆ రోజు మనసారా నమ్మింది.

నమ్మకానికి కారణం కూడా ఉంది. వ్యాగన్లు నింపేది సరిగ్గా ఆ సాయంత్రం పూటే. నింపని వ్యాగన్లు నిలబడిన కొద్దీ కంపెనీ రైల్వేకు దండుగ కట్టాలి. ఐదో రోజు కబురొచ్చింది. రేపు సాయంత్రం కంపెనీ ఆఫీసరే గేటు దగ్గరికొచ్చి మాట్లాడతారట. అనంతరావు మైకు పట్టుకుని గొంతు బొంగురుపోయేలా అరిచాడు. రేపు ఇంతకు రెండింతలు రావాలి, రోడ్డు మీద పువ్వు తప్ప మట్టి కనబడకూడదు అన్నాడు. ఆడవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. రేపటి సంగతి ఎవ్వరూ ఆయనకు చెప్పలేదు.

రేపు అలిగిన బతుకమ్మ. ఎప్పుడో ఎవరింట్లోనో పేర్చిన పూలకు మాంసం తగిలిందట, ఆ తల్లి అలిగిందట. అందుకని ఆరో రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. తెలంగాణ ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. అనంతరావుకు తెలియదేమోనని ఒక్కరికైనా తోచాలి కదా? తోచదు. రేపు తూర్పున పొద్దు పొడుస్తుందని ఎవరికైనా విడిగా చెబుతామా? రెండింతలంటే ఎల్లుండి సంగతేమో అనుకుంది దుర్గమ్మ. పెద్దమనిషి లెక్క ఆయనకుంటుందిలే అనుకుంది నర్సక్క. తెలిసినవాడు మరొకడున్నాడు. ఠేకేదారు మున్షీ గట్టయ్యది ఆసిఫాబాద్ వైపు. పెళ్లాం కోసం ఏటా తెల్లవారకముందే గునుగుపూలకు పోయే మనిషి. మాటల రోజును కుదిర్చింది ఆయనేనని తర్వాత తెలిసింది.

ఆరో రోజు పొద్దున అనంతరావు స్కూటరు దిగి, పూలేవి అని అడిగాడు. చెప్పారు. ముందు నవ్వాడు. పరాచికం కాదని అర్థమయ్యాక ఆయన మొహం చిన్నబోయింది. నిన్నెందుకు చెప్పలేదని అడిగాడు. నీకు తెలియదని మాకెట్ల తెలుస్తది సారూ అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. పది తాంబాళాల్లో ఊరికే పూలు పేర్చండి, పసుపుముద్ద పెట్టకండి, పోలీసులకేం తెలుస్తుంది అని బతిమాలాడు. ఆయన ఆరాటం అబద్ధం కాదు. అయినా ఆ మాటకు ఆడవాళ్లు ఒక్కొక్కరే తల దించుకుని పక్కకు తప్పుకున్నారు.

నర్సక్క క్వార్టర్లకు పోయింది. పూలు లేకపోతేనేం, మనుషులం లేమా, ఊరికే వచ్చి కూర్చోండి అని ఇంటింటికీ చెప్పింది. తిరుమల చాయ్ పోసి పక్కన కూర్చోబెట్టుకుంది.

"బతుకమ్మకైతే ఎన్నిమాట్లయినా వస్త అక్కా. ఉత్తగ గేటుకాడ కూసుంటే అది ధర్నా అయితది. మా ఆయన నౌకరికి మాటొస్తది" అంది మెల్లగా, సిగ్గుపడుతూ.

పదిళ్లలోనూ అదే మాట. నర్సక్కకు కోపం రావాలి, రాలేదు. తన కార్డు మీద తన ఫోటో ఉన్నంత మాత్రాన తనకు ఈరమ్మ బాధ తెలిసిందా? ఈరమ్మ తెలిసింది కాబట్టి తెలిసింది. వీళ్లకు ఈరమ్మ తెలియదు, పూలు తెలుసు. పూల కోసమే వచ్చారు. ఇన్నాళ్లూ తమ బలమనుకున్నది ఇంటికి పోయి తలుపేసుకుందని తెలుసుకుని ఆమె టెంటు దారి పట్టింది.

టెంటు దగ్గరికి వచ్చేసరికి ఈరమ్మ ఒళ్లు కాలిపోతోంది. కట్టు కింద పాదం వాసన వస్తోంది. వేళ్లు నీలంగా తిరిగాయి. అనంతరావు చెప్పిన ఉపాయం నర్సక్క ఆమె చెవిలో చెప్పింది, పేర్చుదునా అని అడిగింది. పేర్చడానికి ఆ క్షణంలో ఆమె సిద్ధంగానే ఉంది.

ఈరమ్మ కళ్లు తెరవకుండానే అంది, "అలిగినామెను జుట్టువట్టి గుంజుకొస్తవా? వద్దు. ఉత్త చేతులతోనే కూసో."

సాయంత్రం ఉత్త చేతులతోనే కూర్చున్నారు. రాళ్లేరే ఆడవాళ్లు మాత్రమే. పాట లేదు. నిన్న రోడ్డంతా నిండిన చోట ఇప్పుడొక చిన్న గుంపు, మధ్యలో తోపుడు బండి. లారీలు దగ్గరదాకా వచ్చి ఆగాయి. ఫౌజుదారు వచ్చి అలవాటుగా కింద రోడ్డు వైపు చూశాడు. పువ్వు లేదు. ఆడ పోలీసులను రమ్మని మనిషిని పంపాడు.

అదే సమయానికి గనిలో షిఫ్టు విడిచి మగవాళ్లు వస్తున్నారు. ఎవరూ గేటు దగ్గర కూర్చోవద్దని యూనియను ముందే చెప్పింది, ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా ఓపిక పట్టమంది. వాళ్లు రోడ్డు అంచున ఒక్కొక్కరే నడిచి పోతున్నారు. కొందరు పలకరించబోయి మానుకున్నారు. నర్సక్క వాళ్లలో పోశాన్ని వెతికింది. మొహమంతా మసి, నడుముకు ల్యాంపు బెల్టు గుర్తు, చేతిలో టిఫిను డబ్బా. ఆయనా అంచునే వస్తున్నాడు. ఇంటికి పోదాం లే అంటాడని ఆమె అనుకుంది. అంటే ఏం చెప్పాలో కూడా వెతుక్కుంది. పోశం మాట తక్కువ మనిషి. దగ్గరికొచ్చి నిలబడి, బండి మీద ఈరమ్మను చూశాడు.

"జెర జరుగు" అన్నాడు.

నర్సక్క జరిగింది. ఆయన టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. పెళ్లిపీటల మీద కూడా ఆమెకు మొగుడి మీద అంత ప్రేమ పుట్టలేదు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు కూర్చున్నారు. మిగతావాళ్లు తల వంచుకుని వెళ్లిపోయారు.

ఆఫీసరు వచ్చాడు. ఆయన వెనక ఠేకేదారు, ఆ వెనక గట్టయ్య. ఆఫీసరు గుంపును ఒకసారి కలియజూశాడు, తెలియాల్సింది ఆయనకు తెలిసిపోయింది. చాలా మర్యాదగా, హిందీలో, ఎవరినీ తప్పు పట్టనట్టు మాట్లాడాడు. ఎముకల డాక్టరు లోపలే ఉన్నారు, ఇంకాసేపట్లో బయల్దేరతారు. ఈ అమ్మను మానవత్వంతో ఇప్పుడే చేర్చుకుంటాం. అందరికీ హక్కంటారా, అది మా చేతిలో లేదు. మీరు లేచి లారీలను పోనివ్వండి, ఈమెను తీసుకొస్తాం. లేవకపోతే ఆమెను మీరే ఆపినట్టు.

అనంతరావు ముందుకొచ్చాడు. ఒక్కరికి భిక్ష వేసి అందరి హక్కూ కొనుక్కుంటున్నారు, ఈరోజు లేస్తే మళ్లీ కూర్చోలేం అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గుంపులో అందరికీ ఆ సంగతి తెలుసు.

అప్పుడు ఈరమ్మ మోచేతి మీద లేచింది. జ్వరంతో పెదాలు ఎండిపోయినా ఆమె గొంతు అందరికీ వినబడింది.

"నా కాలి పేరు జెప్పి ఎవ్వరు లేవొద్దు. రేపు బతుకమ్మ మళ్లొస్తది. జనమొస్తరు. ఒక్క రాత్రి కూసోండ్రి."

ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. దుర్గమ్మ పైట బిగించి, ఇక చంపినా లేవనన్నట్టు సర్దుకుని కూర్చుంది. నర్సక్క చెయ్యి చాపి ఈరమ్మ పాదం మీద పెట్టింది. కట్టు గుడ్డలోంచి వేడి అరచేతికి తగిలింది. చీలమండ పైకి, ఇంకా పైకి తడిమింది. పొద్దున మోకాలికి కిందున్న వాపు ఇప్పుడు మోకాలి దాకా ఎక్కింది. ఒక్క రాత్రి అంటే ఎంతసేపో ఆ అరచేతికి తెలిసింది.

నర్సక్క లేచింది.

ఒక్కతే లేచింది. ఈరమ్మ ఆమె వైపు చూసింది, ఆ చూపులో బతిమాలడం లేదు, నమ్మలేకపోవడం ఉంది. కూర్చోవే అని ఎవరో కొంగు లాగారు. నర్సక్క బండి పిడి పట్టుకుంది.

"కార్డున్నదానివి. నువ్వు లేస్తవ్" అంది దుర్గమ్మ.

ఆ మాట విన్నా నర్సక్క పిడి వదల్లేదు. బండిని రోడ్డు వైపు తిప్పింది. చక్రం గుంటలో దిగితే పోశం లేచి వచ్చి అవతలి పక్క పట్టాడు. ఇద్దరూ తోసుకుంటూ రోడ్డు దాటారు. వెనక గుంపు విడిపోవడం, లారీలు ఒకటొకటిగా లోపలికి పోవడం చప్పుళ్లను బట్టి తెలుస్తూనే ఉంది. నర్సక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది. తెల్లారితే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. మర్నాడు బతుకమ్మలు లేచాయి గానీ వేరే దారిన వాగుకు పోయాయి. టెంటు విప్పేశారు. యూనియను ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. క్వార్టర్లలో మిఠాయిలు పంచారు. గేటు దగ్గర కూర్చున్నందుకు పోశానికి కంపెనీ మెమో ఇచ్చింది. ఆయన ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, తిరుమల చెబితే తెలిసింది. ఠేకేదారు ఆడవాళ్లను మళ్లీ పనికి పిలిచాడు, దుర్గమ్మను మాత్రం వద్దన్నాడు. గట్టయ్య నర్సక్క ఇంటికొచ్చి, నువ్వు తెలివిగలదానివి, నీ తట్ట నీకే ఉంచామన్నాడు. ఆ పొగడ్తకు ఆమె ఒళ్లు మండిపోయింది. చెంబు నీళ్లు కూడా ఇవ్వకుండా పంపించి, మళ్లీ ఆ కుప్ప ఎక్కలేదు. దుర్గమ్మ ఇంటికి పోతే ఆమె తలుపు తీసింది, పీట వేసింది, ఒక్క మాట మాట్లాడలేదు. బావి దగ్గరికి పోతే చేదలు ఆగిపోయేవి. అమ్ముకున్నదే అన్న మాట వెనకనుంచి వినిపించేది.

వీళ్లందరినీ భరించింది గానీ ఈరమ్మ మౌనాన్ని భరించలేకపోయింది. ప్రతి మధ్యాహ్నం గిన్నె పట్టుకుని దవాఖానకు పోయేది. కాంపౌండరు ఇప్పుడు కార్డడగడం మానేశాడు. ఈరమ్మ ఆమె అడుగుల చప్పుడు వినగానే గోడ వైపు తిరిగేది. నర్సక్క జుట్టు దువ్వితే దువ్వించుకునేది, పక్క మారిస్తే మార్పించుకునేది. మాట లేదు. తెచ్చిన అన్నం ముట్టేది కాదు, దవాఖాన రొట్టె తినేది. గిన్నె గిన్నెలాగే ఇంటికొచ్చేది. పోశం ఏమీ అడక్కుండా ఆ చల్లారిన అన్నం తానే తినేవాడు.

ఒకరోజు నర్సక్క అక్కడ ఉండగానే సైడింగు ఆడవాళ్లు ఒక ఛత్తీస్‌గఢీ కోడలిని పట్టుకొచ్చారు. రాయి పగిలి కంట్లో పెచ్చు పడింది. కాంపౌండరు లేచి నిలబడి కార్డు అన్నాడు. లోపల పడుకున్న ఈరమ్మకు ఏ కార్డుందని వాళ్లు అడిగారు. కాంపౌండరు మళ్లీ కార్డే అడిగాడు. గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు, వాళ్లు కదల్లేదు. అంతలో డాక్టరు కేకేసి పిల్లను లోపలికి పిలిచాడు. దాన్ని హక్కు అనలేం. ఆ డాక్టరు మారితే మళ్లీ తలుపు పడొచ్చు. ఆ రోజుకు మాత్రం కన్ను దక్కింది. వచ్చిన ఆడవాళ్లు నర్సక్కను చూశారు. ఒకామె తలూపినట్టు అనిపించింది, మిగతావాళ్లు చూపు తిప్పుకున్నారు.

ఈరమ్మ అదంతా మంచం మీంచి చూసింది. వాళ్లు వెళ్లాక, గోడ వైపు తిరగకుండా పైకప్పు చూస్తూ పడుకుంది.

"నేనేం జెప్పిన, నువ్వేం జేసినవ్?" అంది.

ఇన్నాళ్లకు మాట వినబడగానే నర్సక్క కళ్లు నిండాయి. "చెప్పినవ్. ఇన్న" అంది.

"ఇని లేసినవ్."

"లేసిన."

"దుర్గమ్మ నౌకరి పాయె."

నర్సక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సంగతి ఆమెకు నిద్రలో కూడా గుర్తుంటుంది.

"రేపు గీ మంచం మీద దుర్గమ్మ పడుతది. అప్పుడేం జేస్తవ్?"

అబద్ధం చెప్పడానికి చూసింది నర్సక్క. ఈరమ్మ దగ్గర ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడూ నోరు రాలేదు. "ఆమె కోసం గూడ కూసుంట. కాలు నల్లబడితే మళ్ల లేస్త."

"గట్లయితే మనం ఎన్నడు గెలుస్తమే వదినె?"

నర్సక్క మంచం దగ్గరికి జరిగింది. గిన్నె మూత తీసింది. జొన్నగట్క, పుంటికూర. ఒక ముద్ద కలిపి, తింటుందో లేదో తెలియకుండానే, ఆమె నోటి దగ్గరికి పట్టుకెళ్లింది. ఈరమ్మ ఆ చేతిని చూసింది. తర్వాత, కోపం పోకుండానే, నోరు తెరిచింది.